లిచీలతో వచ్చి ఈస్టరుకి పోయే పిట్ట

ఈ కథని ఇప్పటికి రెండు రకాలుగా విన్నాను. రెండూ తప్పే. ఒకటి ఊళ్ళోవాళ్ళది: ఎక్కడిదో చిన్న పిట్ట కోసం డర్బన్‌లో పేదల ఇళ్ళు ఆపేశారని. రెండోది నేను పనిచేసిన కంపెనీది. మా డైరెక్టరుగారు సెమినార్లలో స్లైడు వేసి మరీ చెప్పేవారు: తమ పరిశీలనా పద్ధతి ఎంత పకడ్బందీగా ఉంటుందంటే, నిపుణుల కళ్ళకే అందని పక్షిని కూడా అది పట్టేసిందట. నేను వెనక వరసలో కూర్చుని టీ తాగుతూ వినేదాన్ని. ఇళ్ళు ఆగలేదు, ఒక్కరోజు కూడా. పద్ధతి ఏమీ పట్టలేదు. ఆ పద్ధతి నేనే. నేను తప్పు రాసి, దాని కింద సంతకం పెట్టాను. నా తప్పు పట్టుకున్నది కొత్తిమీర పండించే ఒక ముసలమ్మ.

1997 డిసెంబరు. దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చి మూడేళ్ళు దాటింది. మావారు ప్రభుత్వాసుపత్రిలో మత్తుమందు డాక్టరు. ఆయన ఉద్యోగం కోసం అంతకుముందు ఏడాదే విశాఖపట్నం నించి వచ్చి, డర్బన్‌లోని సిడెన్‌హామ్ పేటలో ఒక మేడమీద వాటాలో అద్దెకి దిగాం. నాది జువాలజీలో ఎమ్మెస్సీ. ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెన్సీ ఒకదాంట్లో పని దొరికింది. ఒకచోట రోడ్డో కాలవో వేయబోయే ముందు అక్కడ ఏ చెట్లు, ఏ జంతువులు ఉన్నాయో చూసి, వేటిని కదపొచ్చో వేటిని కదపకూడదో రిపోర్టు రాసివ్వడం అక్కడ మా పని. ఏడాది దాకా ప్రొబేషన్. ఆ తర్వాత ఫిబ్రవరిలో డైరెక్టరుగారు నాకొక ఉత్తరం రాసిస్తే వర్క్ పర్మిట్ పొడిగిస్తారు. రాయకపోతే లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తక్కినదంతా అర్థమవుతుంది.

ఉమ్‌గెనీ నదికి అవతల సీ కౌ లేక్ అనే పాత పేట ఉంది. వందేళ్ళ కిందట చెరుకుతోటల్లో కూలికి వచ్చిన మనవాళ్ళు ఒప్పందాలు తీరాక నది ఒడ్డున కూరగాయలు పండించుకున్న చోటు అది. ఆ తోటల అవతల గుడిసెలుండేవి. ఆ గుడిసెలవాళ్ళకి ప్రభుత్వం ఇళ్ళు కడుతోంది. వాన నీళ్ళు పోవడానికి ముందుగా ఒక కాలవ తవ్వాలి. ఆ కాలవ దారిలో రెండున్నాయి. ఒకటి రెల్లు పొద. రెండోది ఆ రెల్లుకీ తోటలకీ మధ్య గట్టు మీద పెరిగిన కంప: లంటానా, ముళ్ళ తీగలు, ఎవరూ నాటని జామ మొక్కలు. రెల్లు సంగతి అందరికీ తెలుసు, దానిని తప్పించి గీత గీశారు. కంప సంగతి తేల్చమని నన్ను పంపారు.

రెండు ఉదయాలు నిలబడి చూశాను. కంపలోంచి ఒక పిట్ట పాడుతోంది. కనబడింది రెండుసార్లు, రెండుసార్లూ అరక్షణం. పిచ్చుకకన్నా చిన్నది, పైన మట్టిరంగు, కింద వెలిసిన తెలుపు. గుర్తుపట్టడానికి ఒక్క మచ్చ లేదు. మా వృత్తిలో ఇలాంటివాటిని ఎల్బీజే అంటారు. చిన్న మట్టిరంగు పిట్ట, పేరు తెలియక చేతులెత్తేశాం అని దాని అర్థం. ఇది వార్బ్లర్ జాతిది అన్నవరకూ సందేహం లేదు. అక్కడ రెండు వార్బ్లర్‌లకి వీలుంది. ఒకటి రీడ్ వార్బ్లర్. ఏడాదంతా దక్షిణాఫ్రికాలోనే రెల్లు పట్టుకుని బతుకుతుంది. రెండోది మార్ష్ వార్బ్లర్. యూరప్‌లో గుడ్లు పెట్టి, అక్కడ చలి మొదలవగానే ఆఫ్రికా పొడవునా ఎగిరి ఇక్కడికి వచ్చేది. పేరులో చిత్తడి ఉంది గాని, ఇక్కడ ఉండేది కంపల్లో. చూపుకి రెండూ కవలలు.

నేను క్షణం ఆలోచించలేదు. మా ప్రాక్టికల్స్‌లో మాస్టారు మా బుర్రలకి ఎక్కించిన సూత్రం ఒకటుంది: వలస వచ్చిన వార్బ్లర్ పాడదు, పాడేదైతే స్థానికం. మన సరుగుడు తోటల్లో చలికాలానికి దిగే వార్బ్లర్‌లు నాలుక చప్పరించినట్టు టక్ టక్ అంటాయి తప్ప గొంతు విప్పి పాడవు. పాట గూడు కట్టే చోట, జతకోసం. ఇక్కడిది గంటలకొద్దీ పాడుతోంది. అంటే స్థానికం. అంటే రీడ్ వార్బ్లర్. రెల్లులోంచి దారితప్పి కంపలోకొచ్చింది. రిపోర్టు రాశాను: ‘కంపలో ప్రాముఖ్యం గల పక్షులు లేవు. లంటానా పరాయి మొక్క. తొలగించవచ్చు.’ కింద నా పేరు, తేదీ. కట్టడం పనులవాళ్ళంతా క్రిస్మస్ సెలవులకి వెళ్ళారు. జనవరి రెండో వారంలో బుల్‌డోజర్ ఆ కంపతోనే పని మొదలుపెడుతుంది.

రిపోర్టు ఇచ్చిన మూడోరోజున గట్టు మీద పాతిన గుర్తు కర్రలు తెచ్చుకోవడానికి వెళ్ళాను. పక్క తోటలో వంగి కొత్తిమీర కోస్తున్న మనిషి నడుము ఎత్తకుండానే అడిగింది.

“ఏం అమ్మాయ్, కర్రలు పీకుతున్నావు. చూసేసినావా?”

తెలుగు వినబడేసరికి ఉలిక్కిపడ్డాను. డెబ్బై దాటి ఉంటుంది. పేరు సత్యమ్మ. అక్కడివాళ్ళు పెద్దవాళ్ళని అవ్వ అంటారు, నేనూ అలాగే అన్నాను. ఆవిడ పిల్లలకి రెండు మాటలు మించి తెలుగు రాదు. ఆవిడది మాత్రం వందేళ్ళ కిందటి మా విశాఖ జిల్లా పల్లెటూరి తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు, అక్కడి జూలూ భాష కలిసి.

“చూశాను అవ్వా. అది రెల్లులో పిట్టే. ఇటొచ్చింది.”

“ఏటి? రెల్లు పిట్టా?” ఇప్పుడు నడుము ఎత్తింది. “ఐకోనా, కానే కాదు. రెల్లు పిట్ట రెల్లు దాటి రాదు. ఇది కంప పిట్ట. లిచీలు వచ్చినప్పుడు వస్తాది, ఈస్టరుకి పోతాది. మా అమ్మ ఉన్నప్పటి కాడినించి ఇదే టైము.”

“వలస పిట్టలు పాడవు అవ్వా. ఇది పాడుతోందిగా.”

“నీకెవరు చెప్పినారు?”

“మా మాస్టారు.”

“ఆ మాస్టరు ఈ గార్డెన్‌కి ఎప్పుడొచ్చినాడు?”

నేను వాదనలో ఓడిపోయే రకం కాదు. మావారిని అడగండి. అరగంట వాదించాను. ఆవిడ కొత్తిమీర కట్టలు కడుతూ, ఒక్కో కట్టకి ఒక్కో జవాబు చెప్పింది. చివరికి నా చెయ్యి పట్టుకుని కంప దగ్గరికి తీసుకెళ్ళి, పెదవి మీద వేలుపెట్టుకుని కూర్చోమంది. పిట్ట లోపల పాడుతోంది.

“విను. ఇప్పుడన్నది టాపీ మాట. ఇది మా ఇంటి చూరులో స్వాలో పిట్ట మాట. దొంగ పిట్ట ఇది. దీనికి సొంత గొంతు లేదు, అందరివీ ఎత్తుకొస్తాది.” టాపీ అంటే అక్కడి పిగిలిపిట్ట. “ఆగు. ఇదిగో. ఇది విను. ఇది ఎవరి మాట?”

గాజుముక్కల్ని గలగలలాడించినట్టు ఏదో వినబడింది. నేను ఎరగని కూత. తెలీదన్నాను.

“నాకూ తెల్వదు. ఈ గార్డెన్‌లోనే పుట్టినాను, ఈడనే ముసలైనాను. ఈ మాట ఈడ ఏ పిట్టా అనదు. ఈడ లేని మాట దీనికెట్టా వచ్చినాది? ఏడనో నేర్చి తెచ్చినాది. ఏడనో నేర్చినాదంటే ఈడది కాదు. దానికి ఎంత చదువు కావాల?”

నేను వాదన వదిలేశాను. నా జీవితంలో అలా జరిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాడుతోంది కాబట్టి ఇక్కడిదన్నాను నేను. ఏం పాడుతోందో విని, ఇక్కడిది కాదంది ఆవిడ. ఒకే పాట. నేను పాట ఉందా లేదా అని చూశాను, అంతే. ఆవిడ విన్నది.

మర్నాడు క్యాసెట్ రికార్డరు తీసుకెళ్ళి రెండు వైపులా నిండేదాకా రికార్డు చేశాను. ఆ క్యాసెట్ పట్టుకుని పీటర్ అనే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. ఇంగ్లండులో పుట్టి, పాతికేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, మళ్ళీ వెళ్ళలేదు. రింగింగ్ లైసెన్సు ఉంది ఆయనకి. పక్షిని పట్టి, అంకెలు చెక్కిన అల్యూమినియం ఉంగరం దాని కాలికి తొడిగి వదిలేయడం రింగింగ్. మళ్ళీ ఎక్కడ దొరికినా ఆ అంకెలే దాని చిరునామా.

క్యాసెట్ వేశాను. వంటింట్లో నిలబడి టోస్టుకి వెన్న రాస్తూ వింటున్నాడు. గాజుముక్కల చోటు రాగానే కత్తి ఆగిపోయింది.

“వెనక్కి తిప్పు,” అన్నాడు.

తిప్పాను.

“అది బ్లూ టిట్. ఇంగ్లండు పిట్ట, ఇక్కడ ఉండదు. ఆ తర్వాత కంగారుపడుతున్నది బ్లాక్‌బర్డ్. అక్కడ మా అమ్మ వాళ్ళింట్లో పిల్లి దొడ్లోకి వస్తే ఆ పిట్ట ఇలాగే అరిచేది.” ఇంకోసారి తిప్పమన్నాడు, మూడోసారి కూడా. “నలభై ఏళ్ళయింది విని. డర్బన్‌లో లంటానా పొదలో వింటానని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. రాజీ, ఈ పాట నువ్వే గుర్తుపట్టావా?”

“లేదు. కొత్తిమీర పండించే ఒకావిడ.”

“అయితే ఆవిణ్ణి అడిగి రిపోర్టు రాయాల్సింది.”

పాట ఒక్కటీ సాక్ష్యంగా చాలదు. డిసెంబరు ఆఖరివారంలో తెల్లవారగానే గట్టు మీద మిస్ట్ నెట్ కట్టాం. సన్నని నల్లదారం వల అది, పక్కన నిలబడినా కంటికి ఆనదు. రెండోసారి చూసేసరికి పిట్ట వల మడతలో కూర్చుని ఉంది. పీటర్ రెండు వేళ్ళ మధ్య దాని మెడ ఒదిగేలా పట్టుకుని రెక్క విప్పాడు. వింగ్ ఫార్ములా అనేది చూస్తారు: రెక్క చివరి పెద్ద ఈకల్లో ఏది ఎంత పొడుగు, ఏ ఈకకి ఎక్కడ నొక్కు ఉంది అని. ఇక్కడే ఉండిపోయే రీడ్ వార్బ్లర్‌కి దూరం పోయే పని లేదు, రెక్క పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. ఇది పొడుగ్గా, కొసదేరి ఉంది. స్కేలు పెట్టి కొలిచి, పుస్తకంలో అంకెలతో సరిచూసి, పీటర్ తల ఊపాడు. మార్ష్ వార్బ్లర్. తూకం కోసం దాన్ని కెమెరా రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాలో తలకిందులుగా జారవిడిస్తే పన్నెండు గ్రాములు తూగింది. మూడు టీ చెంచాల పంచదార. ఆ కాస్త బరువే యూరప్ నించి ఇక్కడిదాకా ఎగిరి వచ్చింది.

సత్యమ్మ అవ్వ మా వెనకే నిలబడి సాధిస్తూనే ఉంది. “షెషా, షెషా. బేగి కానీయండి. గుండె ఆగి చస్తాది. మీ చేతులు కడుక్కున్నారా? ఆ గాజు బిగువవుతాదేమో సూడు.” ఉంగరం తొడిగాక పీటర్ పిట్టని ఆవిడ అరచేతిలో పెట్టాడు. తోట పనికి కాయలు కాసిన చెయ్యి. పిట్ట ఎగరలేదు, ఒక్కక్షణం అలాగే ఉంది.

“దీని కాళ్ళు వేడిగున్నాయి,” అంది. అప్పుడు ఎగిరింది.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఆవిడ నోటినించే వచ్చింది. “జనవరిలో కావడి పండగ టైముకి దీని పాట ఆగిపోతాది. మళ్ళీ పోబోయే ముందు మొదలు. మధ్యలో ఈకలు రాలుస్తాది, నా దనియాల మడి నిండా అవే,” అని, కిందటి ఏడాది ఏరి దాచిన అగ్గిపెట్టె తెచ్చి చూపించింది. పీటర్ ముఖం మారింది. పక్షులు పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకోవడాన్ని మౌల్ట్ అంటారు. మార్ష్ వార్బ్లర్ ఆ పని యూరప్‌లో చెయ్యదు, ఇక్కడ చేస్తుంది, జనవరినించి మార్చి దాకా. ఆ రోజుల్లో రెక్కలో సగం ఈకలు ఉండవు. ఎగరలేదు సరిగ్గా. ఒకే పొదలో దాక్కుని ఉంటుంది. మనం బుల్‌డోజర్ పంపుతున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

జనవరి మొదటి సోమవారం డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి, నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను.

ఆయన పెన్ను మూత తీసి పెట్టారు, తీసి పెట్టారు. “సంతకం నీది. మొదటి రిపోర్టు తప్పని నువ్వే రాస్తే, ఫిబ్రవరిలో నీ గురించి నేనేం రాయాలి?”

“తప్పు చేసి దిద్దుకుంది అని రాయండి.”

“పర్మిట్ ఇచ్చే ఆఫీసులో మొదటి రెండు మాటలే చదువుతారు.”

ఇంటికొచ్చి మావారితో చెబితే, “వాదించడం నీకు సరదా అనుకున్నాను గాని, నీతో నువ్వే వాదించి ఉద్యోగం పోగొట్టుకుంటావనుకోలేదు,” అన్నారు. నవ్వుతూనే అన్నారు. కాని ఆ రాత్రి పాస్‌పోర్టు తీసి పర్మిట్ తేదీ మళ్ళీ చూసుకున్నాను. సొంత పేరు మీద పని చేసుకోవడానికి ఈ దేశంలో నాకున్న కాగితం అదొక్కటే.

అసలు భయం వేరే. పిట్ట కోసం ఆగమని ఇళ్ళకోసం ఎదురుచూసేవాళ్ళకి ఏ మొహంతో చెప్పాలి? వాళ్ళ కమిటీకి పెద్ద మా దూబే. జూలూలో పెళ్ళయిన ఆడవాళ్ళని పుట్టింటి పేరుకి ముందు ‘మా’ చేర్చి పిలవడం మర్యాద. మా దూబే సత్యమ్మ అవ్వ తోటలోనే పదేళ్ళుగా పనిచేస్తోంది. వాళ్ళిద్దరూ రోజంతా తిట్టుకుంటూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. అవ్వ షెడ్డులో బీన్స్ బస్తాల మీద కూర్చుని సంగతంతా చెప్పాను.

మా దూబే విని, టీ ఊదుకుంది. “నీ పిట్టకి యూరప్‌లో ఒక ఇల్లు. ఇక్కడ ఒక ఇల్లు. నాకు ఒక్కటి కూడా లేదు, సిసీ.” అక్కచెల్లెళ్ళని పిలిచే జూలూ మాట అది.

మా దూబే కప్పు కింద పెట్టి అడిగింది.

“అది ఎప్పుడు పోతుంది?”

“మార్చి ఆఖరుకి.”

“కాలవ కంప వైపునించి ఎందుకు మొదలుపెడుతున్నారు?”

“మెషీను అటునించి రావడం తేలికని.”

మా దూబే అవ్వ వైపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. “మెషీనుకి తేలిక. పైన తవ్వి కింద దారి లేకపోతే మొదటి వానకి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? నా మంచం కిందకి. నదివైపునించి తవ్వమను. కిందనించి పైకి. పైకొచ్చేసరికి ఈస్టరు అవుతుంది. నీ పిట్టా పోతుంది, నా మంచమూ తడవదు.”

“అది మగాళ్ళు గీసిన ప్లాను,” అంది అవ్వ. “వాళ్ళకి మంచం కింద సంగతి ఎప్పుడు తెలుసు.”

నేను మొదటిది తప్పని ఒప్పుకుంటూ కొత్త రిపోర్టు ఇచ్చాను. ఇంజినీర్ల మీటింగులో మా దూబే లేచి ఇదే చెప్పింది. ప్లానులో వాన మాట ఎవరూ ఆలోచించలేదని ఒప్పుకోవడానికి వాళ్ళకి గంట పట్టింది. నదివైపునించి తవ్వారు. ఏప్రిల్‌లో కంప కొట్టేశారు. అప్పటికి వారం ముందే పాట మళ్ళీ మొదలై, ఆగి, కంప ఖాళీ అయింది. ఇళ్ళు అనుకున్న రోజుకే లేచాయి. మా దూబే ఇంటికి వెళ్ళి టీ తాగాను కాబట్టి చెబుతున్నాను. పిట్ట ఇళ్ళని ఆపిందనేవాళ్ళు ఆవిణ్ణి అడగండి.

నా ఉత్తరం? డైరెక్టరుగారు రాసిచ్చారు. రెండు పంక్తులు, ఇష్టం లేకుండా. మొదటి రెండు మాటలు ‘పని సంతృప్తికరం’. తర్వాత ఏడాది నించి ఆ తప్పు స్లైడు మీద కంపెనీ ఘనత అయింది. అవ్వ పేరు స్లైడులో ఎందుకు లేదని ఒక సెమినారులో లేచి అడిగాను. ఆ తర్వాత నన్ను సెమినార్లకి పిలవడం తగ్గింది.

పాతికేళ్ళు ఈ వృత్తిలో ఉన్నాను. ఆ కేసు తర్వాత ఒక అలవాటు వదల్లేదు: నాకు తెలిసిన ప్రతి సూత్రాన్నీ, నువ్వు ఏ ఊళ్ళో పుట్టావని అడుగుతాను. మా మాస్టారు చెప్పింది అబద్ధం కాదు, మా సరుగుడు తోటల్లో అది నిజమే. సముద్రం దాటించి తెచ్చి, ఇక్కడ కూడా నిజమే అనుకోవడం నా తెలివి. సత్యమ్మ అవ్వకి సూత్రాలు లేవు. ఒకే గట్టు పక్కన, ప్రతి ఏడాదీ, చెవులు తెరుచుకుని ఉంది. దానికి మించిన శిక్షణ నేను ఏ యూనివర్సిటీలోనూ చూడలేదు.

ఇంక ఒక్కటి మిగిలింది. కంప కొట్టేటప్పుడు అవ్వ తన కోళ్ళ గూడు వెనక ముప్ఫై అడుగుల మేర మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. “అంత దూరం నించి వచ్చి ఇల్లు లేదంటే దానికెవరు చెప్తారు?” అని. 1998 డిసెంబరులో లిచీలు బజారుకి రాగానే వెళ్ళాను. కోళ్ళ గూడు వెనక పాట. గంటసేపు కదలకుండా కూర్చుంటే జామకొమ్మ మీదకి వచ్చింది. ఎండలో కాలి దగ్గర తళుక్కుమంది. ఉంగరం. బైనాక్యులర్స్‌లో అంకెలు ఆనలేదు. ఆ నది పొడవునా ఉంగరాలు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది ఎవరిదైనా కావచ్చు. వల తెస్తానన్నాను.

“ఐకోనా,” అంది అవ్వ. “ఒకసారి పట్టినావు. చాల్లే.”

“అవ్వా, అంకెలు చూస్తే చాలు. అదేనో కాదో తెలిసిపోతుంది. ప్రపంచానికి పనికొచ్చే సంగతి.”

“నాకు తెలుసు అదేనని. ప్రపంచానికి నువ్వు చెప్పు.”

నాకు తెలీనిది ఎలా చెప్పను? అవ్వతో ఇంకో గంట వాదించి, ఓడిపోయి, రెండు కట్టల కొత్తిమీరతో ఇంటికొచ్చాను. ఆవిడ ఇప్పుడు లేదు, ఆ ముప్ఫై అడుగులూ లేవు. కాని ప్రతి డిసెంబరులో లిచీల బండి కనబడగానే అదే అనుకుంటాను. పుట్టిన చోటినించి ఇంత దూరం వచ్చి, కొట్టేసిన కంపని దాటి, కోళ్ళ గూడు వెనక మిగిలిన ఆ కాస్త జాగానీ వెతికి పట్టుకున్నది మేం ఉంగరం తొడిగిన ఆ పన్నెండు గ్రాముల ప్రాణమేనా?